లైను 2800

డాల్డా డబ్బాల పెట్టి తెచ్చింది నీలవేణక్క
ఏడు ఫ్లాపీలు. అరచెయ్యి దాటే వెడల్పు,
మధ్యల గుండ్రంగ బూజు,
వానకాలం మెత్తవడ్డ అప్పడాల లెక్క.
"ఎనభై ఏడుల అన్న రాసిన గేము.
బొంబాయి కంపెనీకి పంపితే
వద్దని కార్డు రాసిండ్రు.
పారెయ్యమంటడు. నాకే మనసొప్పలే."

హన్మకొండ చౌరస్తా వెనుక
మందుల షాపు మీది గది నాది.
చెడిపోయిన హార్డ్‌డిస్కులల్లకెల్లి పెండ్లి ఫోటోలు తీసిచ్చుడు పని.
ఆ రోజు పైసల మాట మర్చిపోయిన.

కవరు కోసి, నల్లటి పళ్లెం బయటికి తీసి
స్పిరిట్ల ముంచిన దూదితోటి తుడిచిన,
పసిపిల్ల చెవి తుడిచినట్టు.
ఒక్కో డిస్కును నలభై సార్లు చదివించిన.
ఊరికే గొణిగింది శానాసేపు.
ముప్పై మూడోసారి, రాత్రి పదకొండు దాటినంక
తెర మీద ఓ వరుస నిలవడ్డది:

10 రెమ్ నాడె. రాసింది యాకాంబ్రం, తొమ్మిది బి
20 రెమ్ బడి కంప్యూటర్. శనివారం ఒక్కటే ఇస్తరు

అక్షరాలు ఇంగ్లీషువి, మాట కొత్తవాడది.

మగ్గం మీద నాడె ఉరుకుతది.
పోగు తెగకముందే అవతలి అంచు ముట్టాలె.
తెగితే పాణం పోతది. పాణాలు మూడే.
మూడూ పోతే తెర నిండ ఒకటే మాట:
సేఠు కూలి కోసిండు.

410 రెమ్ కరెంటు పోయింది. మొత్తం మళ్ల రాసిన
420 రెమ్ మళ్ల పోయింది
1030 రెమ్ చెల్లె ఆడింది. అల్కగ ఉన్నదన్నది. స్పీడు పెంచిన

అక్క అద్దాలు తీసి, తుడిచి, పెట్టుకున్నది.
"అల్కగ యాడున్నది?
పదిసార్లు ఓడిపోయి, సిగ్గుకు అట్లన్న."

2790 కాడ ఒక ఆజ్ఞ: 2800కు పో.
2800 లేదు.
బూజుతోపాటు పూత లేచి నా దూదికంటుకున్నది.
నా చేతులతోనే తుడిచేసిన.
గోధుమరంగు మరక. ఆ దూదిని ఇంకా పారెయ్యలే.

యాకాంబ్రం ఎనుమాముల మార్కెట్ల
మిర్చి తూకం కాడ గుమస్తా.
ఫోనుల వెనుక కాంటాల చప్పుడు.
"నిన్నటి లెక్కే యాదికుండది తమ్మీ."
ఆగిండు. తుమ్మిండు.
"ఆఖరి మెట్టు గదా అది?
జంపఖానా పూర్తయితే పడే బొమ్మ.
గ్రాఫు కాయితం మీద గీసి పెడితే
మా బాపు డిజైననుకొని నేసిండు."

దొరికింది. అక్క ఇస్త్రీ బల్ల మీద,
నాలుగు మడతలేసి,
ఓ మూలకు ఇస్త్రీపెట్టె కాలిన మచ్చతోని.
విప్పితే సైకిలు. క్యారేజి మీద జంపఖానాల మూట.
ఎర్రగడి ఒకటి, తెల్లగడి సున్న.
స్కేలు పట్టుకొని ఇద్దరం లెక్కవెట్టినం,
గడికెనిమిది పోగులు, వరుసకెనిమిది గడులు,
చాయ చల్లారిపోయింది.

ఫోటో చూసి ఆయన నవ్విండు.
"ముందు చక్రం నేను చిన్నగ గీసిన, జాగ చాలక.
బాపు రెండూ సమానం చేసిండు.
ఆయన చేతికి వంకర పడది.
ఉన్నదున్నట్టు ఎక్కించు, అదే మంచిగున్నది.
మూడో మెట్టుల తప్పొకటున్నది, అదీ సరిజేసిస్త."

వద్దన్న.
చినుగును రఫ్ఫు చెయ్యొచ్చు,
రఫ్ఫు కనవడాలె గదన్నా.
జంపఖానాను రెండు దిక్కులా ఫోటో తీసి
వేరే పేరుతోని దాచిన: నేత, బాపుది.
దూదిని కవర్లేసి 2800 అని రాసిన.
తప్పు తప్పులెక్కనే ఉన్నది.

ఆదివారం వచ్చిండు.
అంగీకి మిర్చి ఘాటు, గదిల అందరికీ తుమ్ములు.
కీబోర్డు ముందట చేతులు తొడలకు తుడుచుకున్నడు,
బడిల సారు చూస్తున్నట్టు.
నాడె ఉరికింది. రెండు మెట్లు దాటిండు.
మూడో మెట్టుల పోగు తెగింది, మళ్ల తెగింది,
మళ్ల.

సేఠు కూలి కోసిండు.

వెనుక నిలవడి నీలవేణక్క
కొంగు నోటికడ్డం పెట్టుకొని అన్నది:
"అల్కగనే ఉన్నది గదనే అన్నా."